వైరస్ చేరని కణానికి గాయం



ఈ ప్రసంగం ఆచార్య సుసర్ల కృష్ణ శంకర్ గారి స్మృతిలో. మెదడు జబ్బును సూక్ష్మదర్శిని కింద చదవడం మన దేశంలో ఒక తరం వైద్యులకు నేర్పిన గురువు ఆయన. బెంగళూరు నిమ్హాన్స్‌లో న్యూరోపాథాలజీ ఆచార్యులుగా ఉంటూ 1995లో అక్కడ బ్రెయిన్ బ్యాంకు నెలకొల్పారు. చనిపోయినవారి మెదడును కుటుంబ సభ్యులు దానం చేస్తే, దాన్ని జాగ్రత్తగా భద్రపరిచి పరిశోధకులకు అందించే వ్యవస్థ అది. అక్కడి ప్రదర్శనశాలకు వెళ్లిన సామాన్యులు కూడా నిజమైన మానవ మెదడును చేతుల్లోకి తీసుకుని చూడవచ్చు. చదువు నాలుగు గోడల మధ్య ఉండిపోకూడదని నమ్మిన మనిషి చేసిన ఏర్పాటు అది.

హెచ్‌ఐవి పేరు వింటేనే జనం వణికిపోయిన కాలంలో, ఆ వైరస్ సోకి మరణించినవారి మెదళ్లను శంకర్ గారూ ఆయన సహచరులూ శ్రద్ధగా పరీక్షించి, చూసినది చూసినట్టు ప్రచురించారు. ఈ రోజు నా అంశాన్ని అందుకే అక్కడి నుంచి తీసుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. హెచ్‌ఐవి న్యూరాన్‌లోకి చొరబడి దాన్ని చంపదు. వైరస్ తయారుచేసే ప్రొటీన్లు, వాటి వల్ల రెచ్చిపోయిన పక్క కణాలు కలిసి న్యూరాన్‌ను దెబ్బతీస్తాయి. ఈ సంగతి సరిగా అర్థమైతే హెచ్‌ఐవితో జీవిస్తున్నవారిని మనం చూసే తీరు మారాలి. రక్తంలో వైరస్ అణిగిందని తెలిసిన రోజున కూడా, మెదడు ఎలా ఉందో విడిగా అడగాలి.

1986: రెండు చోట్ల, ఒకే ఏడాది

1981 జూన్ 5న అమెరికా ఆరోగ్య శాఖ వారపత్రికలో లాస్ ఏంజిలస్‌కు చెందిన అయిదుగురు యువకుల అరుదైన న్యుమోనియా గురించి చిన్న నివేదిక వచ్చింది. ఎయిడ్స్ గురించి లోకం విన్న మొదటి మాట అది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాంస్వాజ్ బారె సినూసి, లుక్ మోంటాన్యే బృందం వైరస్‌ను వేరుచేసింది. 1986లో మద్రాసు వైద్య కళాశాలలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్త నమూనాలు వెల్లూరు పరీక్షలో పాజిటివ్ వచ్చాయి. మన దేశంలో వైరస్ ఉందని అప్పుడు తెలిసింది.

అదే ఏడాది న్యూయార్క్‌లో బ్రాడ్‌ఫోర్డ్ నేవియా, రిచర్డ్ ప్రైస్ తదితరులు ఎయిడ్స్‌తో మరణించిన 70 మంది పెద్దల వివరాలను ప్రచురించారు. వారిలో 46 మందికి బతికుండగానే మతి మందగించింది. చేసే పని మీద ధ్యాస నిలవదు. చెప్పింది గుర్తుండదు. మాట, నడక, ఆలోచన అన్నీ నెమ్మదిస్తాయి. నలుగురిలో కలవాలనిపించదు. చివరి దశలో మనిషి మాట లేకుండా మంచాన పడతాడు. దీనికి వారు ఎయిడ్స్ డిమెన్షియా కాంప్లెక్స్ అని పేరు పెట్టారు.

వైరస్ మెదడులో ఎక్కడుందో వెతికినప్పుడు చిక్కు ఎదురైంది. అది మాక్రోఫేజ్‌లలో కనిపించింది, మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాల్లో కనిపించింది, అలాంటి కణాలు అతుక్కుపోయి ఏర్పడిన బహుకేంద్రక కణాల్లో కనిపించింది. న్యూరాన్లలో మాత్రం కనిపించలేదు. వైరస్ పట్టుకుని లోపలికి వెళ్లడానికి కావలసిన సీడీ4 గ్రాహకం న్యూరాన్ మీద ఉండదు. మరి తాను చేరని కణాన్ని వైరస్ ఎలా పాడుచేస్తోంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి శాస్త్రవేత్తలకు దశాబ్దాలు పట్టింది.

లోపలికి వచ్చే దారి

రక్తానికీ మెదడుకూ మధ్య గట్టి అడ్డు ఉంది. రక్తనాళాల లోపలి కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని, ఏది పడితే అది మెదడులోకి పోకుండా ఆపుతాయి. అయితే మోనోసైట్లు, లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలకు ఆ అడ్డు దాటే అనుమతి ఉంది. వైరస్ వాటిలో దాగి లోపలికి వస్తుంది. ఇది జబ్బు ముదిరాక జరిగే పని కాదు. థాయిలాండ్‌లో చేసిన ఒక అధ్యయనంలో, వైరస్ సోకిన సుమారు 8 రోజులకే వెన్ను ద్రవంలో దాని ఆనవాలు దొరికింది. ఆ సమయానికి చాలామందికి తమకు వైరస్ సోకిందన్న సంగతే తెలియదు.

లోపలికి వచ్చాక మైక్రోగ్లియా, రక్తనాళాల చుట్టూ ఉండే మాక్రోఫేజ్‌లు దానికి ఆశ్రయమిస్తాయి. ఇవి ఏళ్ల తరబడి బతికే కణాలు. న్యూరాన్లను సాకే ఆస్ట్రోసైట్లలో వైరస్ పెద్దగా వృద్ధి చెందదు కానీ, కొన్ని వైరస్ ప్రొటీన్లు వాటిలో తయారవగలవు. ఈ కణాల నుంచి బయటికి జారే ప్రొటీన్లలో రెండింటి గురించి వివరంగా చెప్పాలి.

జీపీ120

వైరస్ ఉపరితలం మీద పొడుచుకుని ఉండే ప్రొటీన్ జీపీ120. సీడీ4ను పట్టుకునేది ఇదే. ఇది వైరస్ నుంచి ఊడి విడిగా కూడా తిరుగుతుంది. 1988లో బ్రెన్నెమన్, ఆయన సహచరులు ప్రయోగశాలలో పెంచిన ఎలుక న్యూరాన్ల మీద శుద్ధిచేసిన జీపీ120 వేస్తే అవి చచ్చిపోతున్నాయని చూపించారు. అక్కడ వైరస్ లేదు, దాని ఒక్క ప్రొటీన్ మాత్రమే ఉంది. 1990లో స్టూవర్ట్ లిప్టన్ బృందం అతిస్వల్ప మోతాదు జీపీ120తో కూడా న్యూరాన్ లోపల కాల్షియం పెరుగుతోందని కనుగొంది.

అయినా గాజు పాత్రలో జరిగినది బతికున్న మెదడులో జరుగుతుందా అన్న అనుమానం మిగిలింది. 1994లో లెన్నార్ట్ ముకే బృందం దానికి జవాబిచ్చింది. ఆస్ట్రోసైట్లు జీపీ120ను తయారుచేసేలా జన్యుమార్పిడి చేసిన ఎలుకలను వారు పెంచారు. ఆ ఎలుకల్లో హెచ్‌ఐవి లేదు. అయినా న్యూరాన్ల కొమ్మలైన డెండ్రైట్లు దెబ్బతిన్నాయి, న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలిసే సినాప్సులు తగ్గాయి, ఆస్ట్రోసైట్లు ఉబ్బి పెరిగాయి. ఎయిడ్స్ రోగుల మెదడులో కనిపించిన మార్పులకు ఇవి చాలా దగ్గరగా ఉన్నాయి. వైరస్‌ను పూర్తిగా పక్కన పెట్టినా గాయం ఏర్పడిందంటే, ఆ ప్రొటీన్ పాత్రను ఇక కాదనలేం.

గాయం ఎలా జరుగుతుందో తెలియాలంటే ఎన్‌ఎండీఏ గ్రాహకం గురించి తెలియాలి. గ్లుటమేట్ అనే రసాయనం వచ్చి తాకినప్పుడు ఇది క్షణకాలం తెరుచుకుని కొద్దిగా కాల్షియం లోనికి పంపుతుంది. మనం కొత్త సంగతి నేర్చుకోవడం, గుర్తుపెట్టుకోవడం ఈ కొద్దిపాటి కాల్షియం మీదే ఆధారపడి ఉంది. న్యూరాన్ బయట ఉండే కాల్షియం లోపలి దానికి ఇంచుమించు పదివేల రెట్లు ఎక్కువ. చెరువు తూము అవసరమైనప్పుడు ఎత్తి, మళ్లీ దించితేనే పైరు బతుకుతుంది. ఎత్తిన తూము దించకపోతే ఏ నీరు పంటను పెంచిందో ఆ నీరే దాన్ని ముంచుతుంది. ఎన్‌ఎండీఏ గ్రాహకం సంగతీ అంతే.

జీపీ120 దీన్ని రెండు వైపుల నుంచి చెడగొడుతుంది. న్యూరాన్ మీద ఉన్న సీఎక్స్‌సీఆర్4, సీసీఆర్5 గ్రాహకాలను నేరుగా తాకుతుంది. మరోవైపు మాక్రోఫేజ్‌లనూ మైక్రోగ్లియానూ రెచ్చగొడితే, అవి గ్లుటమేట్, క్వినోలినిక్ ఆమ్లం, టీఎన్‌ఎఫ్ ఆల్ఫా వంటివి కక్కుతాయి. చిందిన గ్లుటమేట్‌ను ఎప్పటికప్పుడు పీల్చి శుభ్రం చేయాల్సిన ఆస్ట్రోసైట్ ఆ పని సరిగా చేయలేకపోతుంది. గ్రాహకం అతిగా పనిచేసి, మితిమీరిన కాల్షియం న్యూరాన్‌లోకి వస్తుంది. మైటోకాండ్రియాలు కుదేలవుతాయి, నైట్రిక్ ఆక్సైడ్, ఫ్రీ రాడికల్స్ పుడతాయి, కణం తన ప్రొటీన్లను తానే కోసుకునే ఎంజైములు మేల్కొంటాయి.

టాట్

రెండో ప్రొటీన్ టాట్. పొడవు 86 నుంచి 101 అమైనో ఆమ్లాలు, అంతే. వైరస్ జన్యువు మన కణపు డీఎన్ఏలో కలిసిపోయాక, ఆ జన్యువును చివరిదాకా జోరుగా చదివించడం దీని ఉద్యోగం. టాట్ లేనిదే వైరస్ ఉత్పత్తి ఊపందుకోదు.

ఇది పుట్టిన కణంలోనే ఉండిపోదు. సోకిన కణం నుంచి బయటికి వస్తుంది, సోకని కణంలోకి వెళుతుంది. టాట్ ఇలా కణాల్లోకి దూరగలదని 1988లో రెండు ప్రయోగశాలలు వేరువేరుగా చూపాయి. న్యూరాన్ మీద ఎల్‌ఆర్‌పీ అనే గ్రాహకం ఉంది. కొవ్వును మోసుకొచ్చే ప్రొటీన్లను లోపలికి తీసుకోవడం దాని పని. టాట్ ఆ గ్రాహకాన్నే పట్టుకుని లోపలికి వస్తుంది. అంటే న్యూరాన్‌లోకి వైరస్ రాలేదు కానీ దాని ప్రొటీన్ వచ్చింది. ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని కూడా టాట్ అతిగా పనిచేయిస్తుంది. న్యూరాన్ల మీద దీని విషప్రభావాన్ని అవీంద్ర నాథ్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి పరిశోధించారు.

ఇంకా ఉంది. మోనోసైట్లను పిలిచే సీసీఎల్2 అనే సంకేతాన్ని ఆస్ట్రోసైట్లు ఎక్కువగా విడుదల చేసేలా టాట్ చేస్తుంది. రక్తానికీ మెదడుకూ మధ్య అడ్డును వదులు చేస్తుంది. దాంతో మరిన్ని మోనోసైట్లు లోపలికి వస్తాయి, వాటితో మరింత వైరస్ రావచ్చు. ఒక గాయం తర్వాతి గాయానికి దారి తీస్తుంది.

వీపీఆర్ అనే మరో చిన్న ప్రొటీన్ మైటోకాండ్రియా పొరను దెబ్బతీసి కణాన్ని ఆత్మహత్యకు పురికొల్పగలదు. నెఫ్ కూడా ఆస్ట్రోసైట్లనూ మైక్రోగ్లియానూ మంటకు ప్రేరేపిస్తుంది. వీటి గురించి వివరాల్లోకి వెళ్లను. ఇన్ని ప్రొటీన్లు కలిసి పనిచేస్తాయి గనుక ఒక్కదాన్ని ఆపే మందు సరిపోకపోవచ్చని మాత్రం గుర్తుంచుకోవాలి. ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని నెమ్మదింపజేసే మెమాంటిన్‌ను హెచ్‌ఐవి రోగుల్లో ప్రయత్నించారు. ఆలోచనాశక్తి స్పష్టంగా మెరుగుపడిందని ఆ పరీక్ష చూపలేకపోయింది.

చావు కంటే ముందు

ఇందులో ఆశ కలిగించే భాగం ఒకటుంది. దాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను.

న్యూరాన్ ఒక్కసారిగా చనిపోదు. ముందు సినాప్సులు పోతాయి, డెండ్రైట్లు ముడుచుకుంటాయి. కణం బతికే ఉంటుంది కానీ ఇతర కణాలతో మాట్లాడలేదు. రోగి బతికుండగా కనిపించిన మందగింపుకు, చనిపోయిన న్యూరాన్ల లెక్క కంటే ఈ సినాప్సుల నష్టమే దగ్గరగా సరిపోతుందని మెదడు పరీక్షలు చెప్పాయి. 2008లో స్టాన్లీ థేయర్ బృందం కల్చర్‌లోని న్యూరాన్ల మీద టాట్ ప్రభావాన్ని చూసి, సినాప్సులు పోవడమూ కణం చావడమూ వేరువేరు దారుల్లో జరుగుతాయని చెప్పింది. సినాప్సుల నష్టాన్ని వెనక్కి మళ్లించవచ్చని కూడా చూపింది. ఇది గాజు పాత్రలో కనిపించిన ఫలితం, రోగిలో ఇంకా సాధించలేదు. అయినా చచ్చిన కణాన్ని బతికించలేం గానీ, తెగిన సంబంధాన్ని తిరిగి కలపవచ్చన్న నమ్మకానికి ఇది ఆధారం.

మన దేశపు వైరస్, మన దేశపు మెదళ్లు

అమెరికా, యూరప్‌లలో ఎక్కువగా ఉన్నది హెచ్‌ఐవి ఉపరకం బి. భారతదేశంలో, దక్షిణాఫ్రికాలో ఎక్కువగా ఉన్నది ఉపరకం సి. నిమ్హాన్స్‌లో శంకర్ గారు, అనితా మహదేవన్ గారు, సతీశ్‌చంద్ర గారు తదితరులు చూసిన మెదళ్లలో క్షయ, క్రిప్టోకాకస్, టాక్సోప్లాస్మా వంటి అవకాశవాద ఇన్ఫెక్షన్లదే పైచేయి. పాశ్చాత్య గ్రంథాల్లో వర్ణించిన, బహుకేంద్రక కణాలతో కూడిన హెచ్‌ఐవి ఎన్‌సెఫలైటిస్ చాలా అరుదు. ఆసుపత్రుల్లోనూ తీవ్రమైన హెచ్‌ఐవి డిమెన్షియా పాశ్చాత్య దేశాల్లో చెప్పినంతగా కనిపించలేదు.

ఎందుకని అడిగితే ఒక జవాబు టాట్‌లో దొరికింది. ఉపరకం బి టాట్‌లో 30, 31 స్థానాల్లో పక్కపక్కనే రెండు సిస్టీన్లు ఉంటాయి. మన దేశపు సి రకంలో 31వ స్థానంలో సిస్టీన్‌కు బదులు సాధారణంగా సెరీన్ ఉంటుంది. ఈ ఒక్క మార్పుతో మోనోసైట్లను ఆకర్షించే శక్తి టాట్‌కు తగ్గిపోతుందని బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ అధునాతన శాస్త్ర పరిశోధన కేంద్రానికి చెందిన ఉదయ్ కుమార్ రంగా, న్యూయార్క్‌లోని వినాయక ప్రసాద్ తదితరులు 2004లో ప్రచురించారు. 2008లో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో పంకజ్ సేథ్ బృందం మానవ న్యూరాన్ల మీద రెండు రకాల టాట్‌నూ పోల్చి, సి రకం విషప్రభావం తక్కువని చూపింది. సుమారు నూరు అమైనో ఆమ్లాల ప్రొటీన్‌లో ఒక్కటి మారితే మెదడు గాయం తీవ్రత మారుతోంది. వైరస్ ప్రొటీన్లే న్యూరాన్‌ను దెబ్బతీస్తున్నాయనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు తెలియదు.

కానీ దీన్ని చూసి మనవాళ్ల మెదడుకు భయం లేదనుకోవడం ప్రమాదం. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దక్షిణ భారతానికి చెందిన, సి రకం వైరస్ సోకిన 119 మంది పెద్దలను పరీక్షించారు. వారికి ఇంకా జబ్బు లక్షణాలు లేవు, వైరస్‌ను అణిచే మందుల చికిత్స అయిన ఏఆర్‌టీ మొదలు కాలేదు. సుమారు 60 శాతం మందిలో తేలికపాటి నుంచి ఒక మోస్తరు లోపాలు కనిపించాయి. తీవ్రమైన లోపం ఎవరిలోనూ లేదు. కాబట్టి మన దగ్గర ఈ గాయం పైకి తెలియకుండా ఉంటుంది. వెతకనివారికి అది దొరకదు.

మందులు ఏం ఆపుతున్నాయి, ఏం ఆపడం లేదు

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటిగా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ తొలి జాబితాలోనే ఉంది. 2017 నుంచి సీడీ4 కౌంట్, అంటే ఆ గ్రాహకం ఉన్న రక్తకణాల సంఖ్య, ఎంతున్నా, పాజిటివ్ అని తేలగానే మందు మొదలుపెడుతున్నాం. మెదడు కోణం నుంచి చూసినా ఇది సరైన నిర్ణయం. సీడీ4 కౌంట్ ఒకప్పుడు బాగా పడిపోయినవారికి ఆ తర్వాత మతి మందగించే ముప్పు ఎక్కువ. మందులు వచ్చాక పూర్తిస్థాయి డిమెన్షియా బాగా తగ్గింది.

తేలికపాటి లోపాలు మాత్రం పోలేదు. 2010లో ప్రచురితమైన చార్టర్ అధ్యయనంలో అమెరికాలో 1,555 మందిని పరీక్షిస్తే, 52 శాతం మంది ఏదో ఒక స్థాయిలో లోపం చూపారు. డిమెన్షియా 2 శాతమే. ఈ పరీక్షల కొలమానం లోపాన్ని ఎక్కువ చేసి చూపుతోందని ఇప్పుడు కొందరు నిపుణులు వాదిస్తున్నారు. ఆ వాదనలో బలం ఉంది. అయినా ఇబ్బంది పడుతున్నవారు ఉన్నారన్నది వాస్తవం.

దీనికి ఒక కారణం మందులు పనిచేసే చోటులో ఉంది. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్, ఇంటిగ్రేజ్, ప్రొటియేజ్ అనే ఎంజైములను మన మందులు ఆపుతాయి. కొత్త కణాలకు వైరస్ పాకదు. కానీ ఇప్పటికే డీఎన్ఏలో కలిసిపోయిన వైరస్ జన్యువును కణం చదవడాన్ని ఇవేవీ ఆపవు. అలా చదివినప్పుడు ముందుగా తయారయ్యే వాటిలో టాట్ ఒకటి. వైరల్ లోడ్ అణిగి ఉన్న కొందరి వెన్ను ద్రవంలో కూడా పరిశోధకులు టాట్‌ను గుర్తించారు. టాట్‌నే అడ్డుకునే పదార్థాల మీద పరిశోధన నడుస్తోంది. డైడీహైడ్రో కోర్టిస్టాటిన్ ఏ అనేది వాటిలో ఒకటి. అది ఇంకా ప్రయోగశాల దాటి రాలేదు.

మనం చేయాల్సింది

ఆ మందు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. ఏఆర్‌టీ కేంద్రంలో మూడు ప్రశ్నలు అడగడానికి ఖర్చేమీ లేదు. ఈ మధ్య తరచుగా మరిచిపోతున్నారా? ఆలోచించడంలో, పని ముగించడంలో నెమ్మదించారా? ఒక విషయం మీద ధ్యాస నిలపడం కష్టంగా ఉందా? అవునంటే అంతర్జాతీయ హెచ్‌ఐవి డిమెన్షియా స్కేల్ ఉంది. వేళ్లు వేగంగా ఆడించడం, చేతిని మూడు భంగిమల్లో వరసగా మార్చడం, నాలుగు మాటలు గుర్తుంచుకోవడం, ఇంతే. అక్షరం రానివారికి కూడా చేయవచ్చు. కూలి పనిచేసే మనిషికీ కళాశాల చదివిన మనిషికీ తగిన తెలుగు ప్రమాణాలను తయారుచేయడం ఇక్కడున్న యువ పరిశోధకులు చేపట్టదగిన పని. డిప్రెషన్, మద్యం, రక్తపోటు, మధుమేహం, పాత క్షయ కూడా మతిని మందగింపజేస్తాయి. వాటిని వెతికి, చికిత్స చేయాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఈ జబ్బు దెబ్బకొట్టేది జ్ఞాపకశక్తిని. ఈ జబ్బుకు చికిత్స నడిచేది జ్ఞాపకశక్తి మీద. రోజూ వేళకు మాత్ర వేసుకోవాలి, జీవితాంతం వేసుకోవాలి. మాత్ర తప్పితే వైరస్ లేస్తుంది, వైరస్ లేస్తే దాని ప్రొటీన్లు పెరుగుతాయి, అవి పెరిగితే మతి ఇంకా తగ్గుతుంది, మళ్లీ మాత్ర తప్పుతుంది. మందుకు రాని రోగిని మన కేంద్రాల్లో చాలాసార్లు బాధ్యత లేని మనిషిగా చూస్తాం, మందలిస్తాం. ఆ మందలింపుకు ముందు, అతనికి గుర్తుండకపోవడానికి కారణం అతని మెదడులోని గాయమేమో అని ఆలోచించాలి. ఇంట్లో ఒకరికి మాత్రల బాధ్యత అప్పగించడం, ఫోన్‌లో అలారం పెట్టించడం, కౌన్సెలర్ వారం వారం పలకరించడం అతనికి దయతో ఇచ్చే రాయితీలు కావు. అవి చికిత్సలో భాగం.

అయితే కొత్త పరీక్ష కొత్త ముద్రగా మారకూడదు. మతి లోపం ఉందన్న మాట ఉద్యోగం పోగొట్టడానికో, ఆస్తి లాక్కోవడానికో సాధనం కాకూడదు. 2017 నాటి హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం వివక్షను నిషేధించింది, రోగి వివరాలు గోప్యంగా ఉంచమంది. మతికి సంబంధించిన వివరాలకూ అదే గౌరవం ఇవ్వాలి.

పాశ్చాత్య గ్రంథం చెప్పిందని మన రోగిలోనూ అదే ఉంటుందని శంకర్ గారు అనుకోలేదు. మన మెదళ్లను తానే చూశారు, తేడాను గుర్తించి ప్రచురించారు. మన ఏఆర్‌టీ కేంద్రాల్లోనూ అదే పద్ధతి కావాలి. వైరల్ లోడ్ కాగితం మీద అంకె బాగుందని సరిపెట్టుకోకుండా, ఎదురుగా కూర్చున్న మనిషిని ఆ మూడు ప్రశ్నలూ అడగండి. జవాబులు రాసి ఉంచండి, ఏడాదికొకసారి పోల్చి చూడండి. మందులు మన రోగులకు ముసలితనం దాకా బతికే అవకాశం ఇచ్చాయి. ఆ ఏళ్లను వారు తెలివితో, తమ పని తాము చేసుకుంటూ గడిపేలా చూడడం ఇక మన వంతు.